రేడియో కారునకు మెఱుగులు: ఏది ముందు, ఏది వెనుక?

రేడియో తరంగముల సాయమున దూరమునుండి నడుపబడు చిన్న మోటారుకారులయెడ మన విద్యార్థులలో కొందఱికి మిక్కిలి మక్కువ కలదు. ఇది నిందింపదగిన వేడుక గాదు. మర బిగించుట, పండ్లచక్రముల లెక్క కట్టుట, లోపమును కనిపెట్టి సవరించుకొనుట మున్నగు పనులు దీనియందు నిండియున్నవి. అవి చేతికిని బుద్ధికిని గూడ మంచి సాధనయే. కాని కారు కొన్న నెలదినములలోనే “దీనికి అల్యూమినియము చేతులు తగిలింపవలెను, క్రొత్త షాఫ్టు తెప్పింపవలెను, నూనె డ్యాంపరులు లేనిచో పరువు దక్కదు” అను కోరికలు బయలుదేరుచున్నవి. ఈ కోరికలకు మేర లేదు. ధన మిచ్చు తలిదండ్రులకు నీ వస్తువుల పేరులు సైతము తెలియవు. అడుగు బిడ్డకు పేరులు తెలియును గాని ప్రయోజనము తెలియదు. కావున నీ భాగములలో నేవి నిజముగా పనికివచ్చునవి, ఏవి కంటికి మాత్రమే యింపైనవి, ఏ వరుసను కొనవలెను, ఎచ్చట నాపవలెను అను విషయములను గూర్చి మా యభిప్రాయమును విన్నవింప నెంచితిమి.

టూరింగు కారనగా నిజమైన కారులో పదియవవంతు కొలతతో చేయబడి, చదునైన బాటపై పరుగెత్తుటకు నుద్దేశింపబడిన నాలుగుచక్రముల చోదకము గల బండి. జపానుదేశమందలి షిజువోకా నగరమున 1946 సంవత్సరమున కఱ్ఱవ్యాపారముగా మొదలైన తామియా సంస్థ, 1976లో పోర్షే 934 అను కారు ప్రతిరూపముతో రేడియోకారుల తయారీకి దిగెను. ఆ సంస్థవారే 2013లో టీటీ-02 అను చట్రమును వెలువరించిరి. క్రొత్తగా నేర్చువారి కుద్దేశింపబడిన చట్రములలో నిది పేరు పొందినది. మేము చెప్పబోవు మాటలకు దీనినే యుదాహరణముగా గైకొందుము. దీని ముందుచక్రములకును వెనుకచక్రములకును నడుమ దూరము 257 మిల్లీమీటరులు. మోటారు శక్తిని ముందు వెనుకలకు గొనిపోవునది నడుమనున్న పొడుగైన షాఫ్టు. పెట్టెలో వచ్చు డ్యాంపరులు నూనె లేని రాపిడి డ్యాంపరులు. మెఱుగుల కోరిక పుట్టుట కీ కడపటి సంగతియే తఱచుగా కారణము.

మొదట చోదకమును విచారింతము. టీటీ-02లో మోటారు కొననున్న చిన్నచక్రమునకు, అనగా పినియనునకు, 22 పండ్లు. అది త్రిప్పు పెద్దచక్రమునకు 70 పండ్లు. డెబ్బదిని ఇరువదిరెంటిచే భాగించి, చట్రములోపలి నిష్పత్తియగు 2.6 చేత గుణించినచో 8.27 వచ్చును. అనగా కారుచక్ర మొక్కమాఱు తిరుగుటకు మోటారు 8.27 మాఱులు తిరుగవలెను. మోటారు నిమిషమునకు 15,000 చుట్లు తిరుగుననియు, టైరు వ్యాసము 64 మిల్లీమీటరులనియు ననుకొందము. చక్రము నిమిషమునకు సుమారు 1,814 మాఱులు తిరుగును. చుట్టుకొలత 201 మిల్లీమీటరులు గనుక కారు నిమిషమునకు 365 మీటరుల దూరము, గంటకు దాదాపు 22 కిలోమీటరులు పోవును. ఇక పినియను మార్చి 25 పండ్లది వేసిన నిష్పత్తి 7.28కి దిగును, వేగము గంటకు 25 కిలోమీటరులకు సమీపించును. ఖర్చు ఒక చిన్న చక్రము వెల మాత్రమే.

అయితే ఈ లాభము ఉచితముగా రాలేదు. వేగము పెరిగిన పాళ్లలో చక్రములను త్రిప్పు బలము తగ్గినది. మలుపునుండి వెలువడునప్పుడు కారు మందగించును. మోటారు అధికమైన విద్యుత్తును పీల్చి వేడెక్కును. పైన జెప్పిన లెక్క గాలిలో తిరుగు మోటారుకు జెల్లును గాని నేలమీద బరువు లాగు మోటారుకు పూర్తిగా జెల్లదు. చిన్న ఆవరణములో మలుపులు మిక్కుటముగా నున్నచో పెద్ద పినియను వేయుట నష్టమే యగును. నిడుపైన తిన్నని బాట యున్నచో లాభము కలుగును. కావున పినియను నొక్కొక్క పంటి చొప్పున మార్చుచు, ప్రతిసారియు నైదు నిమిషములు నడిపి మోటారు వేడిమిని పరీక్షించుట వివేకము. మిక్కిలి తక్కువ ఖర్చుతో మిక్కిలి యెక్కువ నేర్పునది యీ పినియనే యని మేము తలంతుము.

కొనవలసిన వస్తువులలో మొదటిది బేరింగులు. చక్రముల యిరుసులును గేరులును తిరుగుచోట కొన్ని కారులలో ప్లాస్టికు బుష్షులే యుండును. ఇరుసు బుష్షుపై రాసికొని శక్తిని వేడిమిగా వ్యర్థపఱచును. మన యావరణములలోని సన్నని దుమ్ము వానిలో చేరినచో నది సానరాయివలె నఱుగదీయును. అఱిగిన బుష్షులో ఇరుసు కదలాడును. ఇరుసు కదలాడిన గేరుల పండ్లు సరిగా కలియవు. పండ్లు సరిగా కలియనిచో నవియు నఱుగును. ఇట్లొక చిన్న లోపము నాలుగు లోపములకు తల్లి యగును. గుండ్లు గల బేరింగులు వేసినచో నీ గొలుసంతయు మొదటనే తెగును. కారు తేలికగా కదలును, బ్యాటరీ కొంచెము నిలుచును. ఇవి బయటికి కనబడవు, స్నేహితులెవ్వరును మెచ్చుకొనరు. అయినను మొదటి రూపాయి వీనికే చెల్లవలెను. పెట్టెతోడనే బేరింగులు వచ్చిన కారైనచో ఆ రూపాయి మిగిలినట్లే.

తరువాత డిఫరెన్షియలు. మలుపునందు బయటిచక్రము లోపలిచక్రముకంటె నెక్కువ దూరము పోవలెను. ఆ భేదమునకు వీలు కల్పించు పండ్లచక్రముల పెట్టెయే డిఫరెన్షియలు. టీటీ-02లో ముందొకటియు వెనుకనొకటియు గలవు. లోపల పలుచని గ్రీసు మాత్రమే యున్నచో, మలుపునందు పైకి లేచిన చక్రము ఊరక తిరిగి బలమంతయు వృథా యగును. ముందుదానిలో గట్టి గ్రీసు నింపినచో మలుపునుండి బయటపడునప్పుడు కారు తిన్నగా లాగుకొని పోవును. వెనుకదానిని గూడ నట్లే బిగించినచో తోక జాఱి కారు గిఱ్ఱున తిరుగును. కావున ముందు బిగువు, వెనుక వదులు అనునది క్రొత్తవారికి మేలైన సూత్రము. నూనె నింపుటకు వీలుగా మూతగట్టిన డిఫరెన్షియలులు విడిగా దొరకును. పందెములకు పోవువారి కవి యుపయోగించును. ఆవరణములో నాడుకొనువానికి గ్రీసు డబ్బా చాలును.

ముందుచక్రములకు బలమునిచ్చు షాఫ్టులను గూర్చి రెండు మాటలు. రెండుకొనల బుడిపెలు గల సామాన్యపు కడ్డీ, చక్రము ప్రక్కకు తిరిగినప్పుడు వంకరగా నిలిచి సమవేగముతో త్రిప్పలేదు. చక్రము గడగడ వణకును. యూనివర్సలు కీలు గల షాఫ్టు కడ్డీవలె జాఱి పడిపోదు, కదలాటము తక్కువ. కాని యొక కీలుతో సమవేగము పూర్తిగా రాదు. రెండు కీళ్లు గల షాఫ్టులో నొక కీలు చేసిన తప్పును రెండవది దిద్దును. వేగము గల మోటారు వేసినవారి కీ భేదము తెలియును. సామాన్యపు మోటారుతో నడుపువారికి మిక్కిలి తెలియదు. నడుమ నుండు పొడుగు షాఫ్టును అల్యూమినియముతో మార్చుట యింకను వెనుకటి మాట.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. పందెపు కారులలో చాలవఱకు బెల్టు చోదకము గలవి గదా, మనమును బెల్టు కారునే కొనరాదా? తామియావారి టీఏ వరుసలో మొదటి రెండును షాఫ్టువి, టీఏ03 మొదలుకొని బెల్టువి. కారు నిడివినబడి తిరుగు షాఫ్టు, మోటారు హఠాత్తుగా వేగము పుంజుకొన్నప్పుడు చట్రము నొక ప్రక్కకు వంచ యత్నించును. అడ్డముగా తిరుగు బెల్టు కారునందీ దోషము తక్కువ. ఇది సత్యమే. కాని బెల్టు చిన్నరాతిని నోట గఱచుకొన్నచో పండ్లు తెగును. టీటీ-02 షాఫ్టు మూసిన దొన్నెవంటి చట్రములో దాగియున్నది. ఇసుక, రాళ్లు లోనికి సులభముగా పోవు. తివాచీ పఱచిన పందెపుశాలలో బెల్టు మేలు. మన యిండ్ల ముంగిళ్లలోను, సిమెంటు ఆవరణములలోను షాఫ్టు మేలు. ఏ వస్తువు మంచిది అని యడుగుటకంటె, ఏ నేలకు మంచిది అని యడుగుట మంచిది.

ఇక సస్పెన్షను. ఇదియే మా వ్యాసమునకు ముఖ్యమైన భాగము. స్ప్రింగు బరువును మోయును. డ్యాంపరు స్ప్రింగు యొక్క యూగులాటను అణచును. రాపిడి డ్యాంపరు కడ్డీని పట్టుకొని యాపును. మెల్లగా కదలినను వేగముగా కదలినను దాని పట్టు దాదాపుగా నొక్కటియే. అందుచేత చిన్న గతుకుపై నది కదలక చక్రమును నేలనుండి యెగురవేయును. పెద్ద గతుకుపై చాలినంత యాపలేక కారును గంతులు వేయించును. నూనె డ్యాంపరులో చిన్న రంధ్రములు గల ముషలకము సిలికోను నూనెలో కదలును. మెల్లగా కదలినచో నూనె సుఖముగా దారి యిచ్చును; వేగముగా కదలినచో గట్టిగా నెదిరించును. కదలిక యెంతయో యెదిరింపు నంత. చక్రము నేలను విడువకుండుటకు కావలసిన గుణ మిదియే. కావున నూనె డ్యాంపరులు కొనుట అలంకారము గాదు. అది కారు స్వభావమునే మార్చును. బేరింగుల తరువాత రెండవ స్థానము వీనికిత్తుము. ప్లాస్టికు గొట్టములు గల చవుక డ్యాంపరులు చాలును. మెఱయు అల్యూమినియపు గొట్టములు కొంత నునుపుగా కదలును, తిరిగి విప్పి కట్టుటకు నోర్చుకొనును. కాని వెలలోని భేదమంత భేదము నడకలో లేదు.

నూనె డ్యాంపరు కొన్నంత మాత్రమున పని తీఱదు. దానిని సరిగా నింపుట యొక విద్య. నూనె పోసి, ముషలకమును మెల్లగా పైకిని క్రిందికిని కదపి, గాలిబుడగలు పైకి తేలువఱకు నోపికతో వేచియుండవలెను. కుడియెడమల డ్యాంపరులు వ్రేలితో నొక్కినప్పుడు సమానముగా దిగి సమానముగా లేవవలెను. లేనిచో కారు కుడిమలుపున నొకవిధముగను ఎడమమలుపున వేఱొకవిధముగను ప్రవర్తించును. నూనెసీసాపై నుండు 300, 400, 500 మున్నగు సంఖ్యలు దాని చిక్కదనమును దెలుపును. వేడిమిచే నూనె పలుచబడును. డిసెంబరు ఉదయమున సరిపోయిన నూనె మే నెల మధ్యాహ్నమున పలుచనై తోచును. అప్పుడొక మెట్టు చిక్కని నూనె వాడుట యుక్తము.

ధనము ఖర్చు చేయక ముందే చేయదగిన సవరణలు కొన్ని గలవు. చట్రము నేలకెంత యెత్తున నున్నదో కొలువుడు. తివాచీపై 5 లేక 6 మిల్లీమీటరులు చాలును. గరుకు సిమెంటుపై 8 లేక 10 కావలసియుండును. మిక్కిలి క్రిందికి దించినచో చట్రము నేలను రాచును. మిక్కిలి పైకెత్తినచో మలుపునందు కారు దొర్లును. ముందు స్ప్రింగులు వెనుకవానికంటె గట్టివైనచో కారు మలుపు తిరుగక తిన్నగా పోజూచును; వెనుకవి గట్టివైనచో తోక జాఱును. వెనుకచక్రముల మొగములు 2 లేక 3 డిగ్రీలు లోపలికి తిరిగియున్నచో కారు తిన్నగా నిలుకడతో పోవును. ఈ లోవంపు నిచ్చు వెనుక హబ్బులు అల్యూమినియముతో దొరకును. అల్యూమినియపు భాగములలో వీనిని మేము మెచ్చుకొందుము. ఏలయన నివి కోణమును మార్చుచున్నవి, రంగును మాత్రమే కాదు.

టైరులను గూర్చి క్లుప్తముగా జెప్పుదుము. మోటారు బలమైనను డ్యాంపరు నేర్పైనను తుదకు నేలను తాకునది టైరొక్కటే. నేలకు తగని టైరు వేసిన కారునకు మిగిలిన మెఱుగులన్నియు బూడిదలో పోసిన పన్నీరే. బేరింగులు, డ్యాంపరులు, టైరులు—ఈ మూడును గల టీటీ-02 నడిపించువాని నేర్పును చాలకాలము వఱకు మించియే యుండును.

అల్యూమినియపు సస్పెన్షను చేతులను గూర్చి మా యభిప్రాయము స్పష్టముగా జెప్పవలసియున్నది. గట్టి వస్తువు మేలైనది యని బాలురు తలంతురు. కారు గోడకు కొట్టుకొన్నప్పుడు ఆ దెబ్బ యెచ్చటనో యొకచోట తీఱవలెను. ప్లాస్టికు చేయి కొంత వంగి మరల నిలుచును, లేదా విఱుగును. విఱిగిన చేయి వెల స్వల్పము. లోహపు చేయి విఱుగదు. దెబ్బను లోపలికి పంపును. అప్పుడు చట్రమే పగులును. లేక చేయియే కంటికి తెలియనంత వంగి, కారు తిన్నగా పోక యేండ్లతరబడి బాధించును. ఇంట విద్యుత్తీగకు ఫ్యూజు నెందులకు పెట్టుదుము? తక్కువ వెల గలది తెగి యెక్కువ వెల గలదానిని కాపాడుట కొఱకే గదా. ప్లాస్టికు చేయి కారునకు ఫ్యూజు వంటిది. దానిని తీసి లోహమును పెట్టువాడు ఫ్యూజు తీసి దూలము కట్టినవాడగును.

విద్యార్థులారా, ఏ భాగమును కొనుటకు ముందైనను మీరొక పుస్తకమున మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనుడు. కారు ఏ మలుపున, ఏ సమయమున, ఏ తప్పు చేయుచున్నది? ఆ తప్పునకు కారణమేమని మీ యూహ? ధనము లేకుండ దానిని సవరింప యత్నించితిరా? తరువాత ఒక్క మార్పు మాత్రమే చేసి, గడియారము పట్టి, పది చుట్లు నడిపి, సగటు కాలమును వ్రాయుడు. అతివేగముగా వచ్చిన యొక్క చుట్టును చూచి మురియకుడు. పది చుట్లును దాదాపు సమముగా వచ్చినప్పుడే కారు మీ చేతికి లొంగినది. ఒక్కసారి నాలుగు భాగములు మార్చినవాడు ఏది మేలు చేసెనో ఏది కీడు చేసెనో యెన్నటికిని ఎఱుగడు. విజ్ఞానశాస్త్రపు గదిలో మేము బోధించు పరీక్షావిధాన మిదియే. ఆటలో నేర్చినది అచ్చట మఱవరాదు.

తలిదండ్రులకు మా మనవి వేఱొకటి గలదు. ఈ భాగములు చాలవఱకు పరదేశములనుండి వచ్చునవి. రవాణా ఖర్చును సుంకమును చేరి వెల పెరుగును. ఒక్కొక్కటి చిన్న మొత్తముగానే తోచును. ఆఱునెలలలో కొన్నవన్నియు కూడికచేసి చూచినచో కారు వెలను మించియుండుటయు గలదు. అట్లు ముక్కలు ముక్కలుగా కొనుటకంటె, నూనె డ్యాంపరులును మెఱుగైన సస్పెన్షనును మొదటనే గల టీటీ-02 టైప్-ఎస్ వంటి రకమును కొనుట పొదుపు. బిడ్డ యడిగినప్పుడు “ఎందులకు?” అని యడుగుడు. పుస్తకములో వ్రాసిన జవాబు చూపిన యివ్వుడు. “ఫలానివాని కారునకు గలదు” అనునది జవాబు కాదు. పిండికొలది రొట్టె యను మాట యాటవస్తువులకును వర్తించును.

“శక్తి గలవారు తమ యిష్టము వచ్చినట్లు కొనుక్కొనిన నితరులకేమి నష్టము?” అని కొంద ఱడుగవచ్చును. ఒంటరిగా నాడుకొన్నప్పుడు నష్టము లేదు. పదిమంది కలిసి పందెము పెట్టుకొన్నప్పుడు నష్టము గలదు. గెలుపు నేర్పునుబట్టి గాక తండ్రి సంచినిబట్టి నిర్ణయమగునని రెండు పందెములలో తేలినచో, మూడవ పందెమునకు బీదబాలుడు రాడు. అతడే యందఱికంటె మంచి నేర్పఱి యైయుండవచ్చును. పెద్ద పందెములయందును మోటారునకు 17.5 లేక 21.5 చుట్లని విధించి, అందఱి బలమును సమముచేయు తరగతులు గలవు. పెద్దవారికే యట్టి కట్టుబాటు కావలసినచో బాలురకు మఱింత కావలెను.

కావున పాఠశాలలో నిట్టి పందెము లెప్పుడైనను జరిగినచో ఈ నియమములు పెట్టవలెనని మా దృఢమైన యభిప్రాయము: చట్ర మొక్కటే రకము, పెట్టెలో వచ్చిన మోటారే, అందఱికి నొకే టైరు, బేరింగులును చవుక నూనె డ్యాంపరులును మాత్రము అనుమతింపబడును, పినియను, స్ప్రింగు, నూనె, గ్రీసు, ఎత్తు ఎవరి యిష్టము వారిది. ఈ హద్దులలో మార్చుటకు వీలైనవి తక్కువ గావు. చిక్కని నూనెయా పలుచని నూనెయా, 22 పండ్లా 24 పండ్లా, ముందు గట్టి స్ప్రింగా వెనుక గట్టి స్ప్రింగా యని ఆలోచించుచు బాలుడొక సంవత్సరము గడుపవచ్చును. ఆ యాలోచనకు ధనము అక్కఱలేదు; ఓపిక కావలెను. ఆ యోపికను కొని తెచ్చుటకు ఏ యంగడియందును దొరకదు.

మెఱుగుల కంతము లేదు. సెలవుదినములకు మాత్రము అంతము గలదు. చేతిలోనున్న కారును విప్పి, శుభ్రపఱచి, సరిగా బిగించి, ఆవరణమునకు గొనిపోయి నడుపుడు. అది చేయు తప్పులను వ్రాసికొని రండు. తరువాత కొనవలసిన భాగము పేరు ఆ పుటయే మీకు చెప్పగలదు.